తొలిమంద

నాయన చెప్పులు బోర్లా తిప్పి ఒడిలో పెట్టుకుని చిమ్మటాతో ముళ్లు లాగుతున్నాను. రోజూ పొద్దు వాలాక ఇదే నా పని. టైరు అట్టతో కుట్టిన చెప్పులవి. అంత మందం అట్టలోకి కూడా సీమజాలి ముల్లు సగం దాకా దిగుతుంది. పైకి కనిపించేది నల్లటి చుక్క ఒక్కటే. వేలితో తడుముతూ పోయి, గుచ్చుకున్నచోట ఆగి, చిమ్మటాతో పట్టి లాగాలి. తీసిన ముళ్లన్నీ కొబ్బరిచిప్పలో వేసి ఆ తర్వాత పొయ్యిలో పారేస్తాను. వాకిట్లో పారేస్తే మళ్లీ ఎవరి కాలిలోనో దిగుతాయి.

"ఇంగ కొన్నాళ్లు పోతే నీకీ పనుండదులే హనుమీ," అంది భాగ్యక్క, బస్సు దిగి వస్తూనే.

"ముళ్లు లేకపోతే సాయంత్రం పూట నేనేం చేయాల?" అన్నాను.

"నా మాదిరి చదువుకో."

లోపలినుంచి బొమ్మక్కత్త అరిచింది. "ఒకతి చదివింది సాలు. దానికి పెండ్లీ ల్యా, పెటాకులూ ల్యా. చెంబు తీస్కోని కాళ్లు కడుక్కోండి ముందు."

అత్త నాయనకు అక్క. భర్త పోయాక పుట్టింటికే వచ్చి, మా అమ్మ పోయాక మమ్మల్నిద్దర్నీ సాకింది. ఏటి పక్కన ఆమెకు కాస్త చేను ఉంది. ఏటా వేరుశనగ వేస్తుంది. మా వైపు వాటిని బుడ్డలంటాం. బుడ్డలు పండితే ఆ ఏడాది ఆమె మాటకు మా ఇంట్లో ఎదురుండేది కాదు. పండకపోయినా ఉండేది కాదు.

ఏరంటే హగరి. పేరుకే ఏరు. ఏడాదిలో ఎక్కువ రోజులు దానిలో పారేది ఇసుకే. ఆషాఢం గాలికి ఆ ఇసుక లేచి చేల మీద దిబ్బలుగా కూర్చుంటుంది. అయితే అడుగున ఊట ఉంది. మా పెద్దలు ఏటి గర్భంలోంచి కాలువ తవ్వి ఆ ఊటను చేల దాకా తెచ్చుకున్నారు. నేను పుట్టేసరికి ఆ ఊటకాలువ ఒక గుంత మాత్రమే. దాని రెండు గట్లనూ సీమజాలి, అదే సర్కారుతుమ్మ, కమ్మేసింది. ఇసుకను ఆపడానికని తాత కాలంలో ఎవరో ఆ విత్తనం చల్లించారట. అది ఇసుకనూ ఆపింది, ఊటనూ తాగేసింది. నరికితే నరికినచోట నాలుగు పిలకలు లేచేవి.

దాన్ని ఊరంతా పరిచింది మా గొర్రెలే. జాలికాయ తియ్యగా ఉంటుంది. గొర్రె తిన్న గింజ అరగకుండా పెంటలో పడి అక్కడే మొలుస్తుంది. చిన్నప్పుడు మంద వెనక నడుస్తూ ఈ సంగతి మేమిద్దరం చూసినదే. నేను చూసి ఊరుకున్నాను. అక్క పట్నం పోయి, పెద్ద చదువులు చదివి, పరిశోధనశాలలో చేరి, దాన్నే పట్టుకుని కూర్చుంది.

"మన గొర్రెలే విత్తినాయి నాయనా. మన గొర్రెలతోనే పీకిస్తా," అంది ఆ రోజు అన్నం ముందు కూర్చుని.

నాయన నవ్వాడు. "గొర్రెకు పార ఇస్తావా ఏంది?"

"మందు ఇస్తా. రేపు మీరిద్దరూ నాతో వచ్చి చూడండి. నీ మందకే మొదట తాపాలనుకుంటాండా. నువ్వు సరేనంటేనే."

*

పరిశోధనశాలలో నేను చూసినవి పొడుగాటి గది, నీలం దీపాలు, వరసగా కుండలు. ఇంత శుభ్రంగా పెంచుతున్న సీమజాలిని చూసి నాయనకు నవ్వాగలేదు. "నీళ్లు కూడా పోస్తాండారా దీనికి?" అని అడిగాడు.

అక్క ఒక కుండలోంచి జాలిమొక్కను లాగింది. పట్టుకోగానే ఊడి వచ్చింది. వేరు నల్లగా, తడిసిన తాడులా ఉంది. తాను చేసిన క్రిమి గొర్రె కడుపులో కాపురముంటుందట. కాయతోపాటు లోపలికి వెళ్లిన గింజలో దూరుతుందట. గింజ మొలిచినప్పుడు ఆ వేరుతోపాటే నేలలోకి దిగి, పక్కనున్న పెద్ద చెట్ల వేళ్లను తాకి వాటి బుడిపెల్లోకి పాకుతుందట. ఆ పైన చెట్టు నీళ్లు తాగలేదు.

"గొర్రె మేసినచోటే ఇది పనిచేస్తాది. ఇసుకదిబ్బల మీదుండే జాలి జోలికి మంద పోకుండా చూస్తే సాలు, ఆ దిబ్బలు అట్లే నిలుస్తాయి. కాలువ గట్ల మీద మాత్రం మేపాల," అంది అక్క.

నాయన పక్క బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడి కుండల్లో వేరుశనగ పచ్చగా, పూతతో ఉంది. జాలికి ఉన్నట్టే దాని వేరుకూ బుడిపెలుంటాయి. ఆ సంగతి నాయనకూ తెలుసు.

"మరి బుడ్డలకేం కాదా?"

"ఆ మట్టిలో కలిపిందీ మందు తాగిన గొర్రె పెంటే నాయనా. ఎండ తగిలితే ఆ క్రిమి రెండు దినాలు బతకదు. గింజలో దాక్కున్నదే బతికేది. ఎండిన పెంటతో ఏ పైరుకూ ఏం కాదు, మూడు కార్ల పంట వేసి చూసినాం."

ఆ బల్ల చివర వెడల్పాటి తట్టల్లో ఏటి ఇసుక పోసి, దానిమీద గొర్రెపెంట పలచగా పరిచి, పైన ఎండలాంటి దీపం పెట్టారు. ఏటి ఒడ్డున పెంట అట్లే పడి ఉంటుంది. నాయన తట్టలోంచి ఒక ఉండ తీసి వేళ్లతో నలిపి, బాగా ఎండిందన్నట్టు తల ఊపాడు.

తెల్లకోటు వేసుకున్న పెద్దాయన వచ్చి, "కరియప్పగారూ, మీకేమైనా సందేహాలుంటే అడగండి," అన్నాడు. నాయనను గారూ అని పిలిచినవాళ్లు అంతకుముందు లేరు. తలగుడ్డ సర్దుకుని, గొంతు సవరించుకుని, "ఆ కుండల్లో బుడ్డలు తినొచ్చునా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క అందరికంటే ఎక్కువ నవ్వింది. బస్సులో తిరిగొస్తుంటే నాయన దారిపొడుగునా ఆ గారూ గురించే తలుచుకున్నాడు.

*

కార్తీకం వానలకు ముందు మందు తాపాం. నాయన గొర్రెను కాళ్ల మధ్య ఇరికించి దవడ పట్టుకుంటే, అక్క వెదురుగొట్టంతో గొంతులో పోసేది. నేను చెవికి పసుపుపచ్చ బిళ్ల కొట్టేదాన్ని. పక్కచేని నెట్టికంటయ్య గట్టు మీద కూర్చుని చూస్తూ, "భాగ్యమ్మా, ఆ మందు నాకూ గుక్కెడు పొయ్యి, మా ఇంటిదాని నోట్లో ముళ్లు రాలిపోతాయేమో," అన్నాడు. అతనే దానికి భాగ్యమందు అని పేరు పెట్టాడు. ఊరంతా అదే పేరుతో పిలిచారు.

మాఘమాసానికి కాలువ గట్ల మీద జాలి ఆకు రాల్చింది. ఫాల్గుణంలో చేత్తో తోస్తే పడిపోయింది. సాయంత్రాలు నా కొబ్బరిచిప్పలో ముళ్లు తగ్గుతూ వచ్చాయి. ఊరివాళ్లు పారలు తీసుకుని పాత గుంతను తవ్వారు. మొదట ఇసుక చెమట పట్టినట్టు తడిసింది. మరుసటి రోజుకు నడుము లోతు గుంతలో నీళ్లు నిలిచాయి. ఉగాదినాటికి సన్నటి పాయ ఒకటి కాలువలో కదిలి చేల వైపు వచ్చింది. అత్త అందులోకి చెప్పులతో దిగబోయి, మళ్లీ వెనక్కి వచ్చి, చెప్పులు గట్టు మీద విడిచి దిగింది. దోసెడు నీళ్లు నెత్తిన పోసుకుంది.

"మా నాయన ఉన్నప్పుడు సూసిన నీళ్లు ఇవి," అంది. మళ్లీ వంగి ఇంకో దోసెడు తీసుకుంది.

ఆ నీళ్లను చూడటానికి అక్క సెలవు పెట్టి వచ్చింది. అది మంద కట్టే రోజులు కూడా. పంటలయ్యాక గొర్రెలను రాత్రిపూట ఖాళీ చేలో తోలి పడుకోబెడతారు. పెంటా మూత్రమూ నేలకు ఎరువు. ఏడాదిలో మొదటి మంద ఇంటి ఆడబిడ్డ చేలోనే వేయాలని మా ఇళ్లల్లో ఆనవాయితీ. ఆ తర్వాతే పరాయి చేలు. తొలిమంద రాత్రి గొర్రె ఈనితే ఆ పిల్ల కూడా ఆడబిడ్డదే.

ఆ రాత్రి మేమంతా అత్త చేలోనే పడుకున్నాం. నాయన గొంగడి పరిస్తే, చిన్నప్పటిలాగే అక్క దానిమీద మధ్యలో పడుకుని నన్ను అంచుకు తోసింది. నల్లగొర్రె ఒకటి ఈనింది. పిల్ల నుదుట తెల్లటి చుక్క ఉంది. "ఇది నాది," అంది అత్త, ఇంకా తడి ఆరని పిల్లను కొంగుతో తుడుస్తూ. "దీనికి చెవులు కుట్టొద్దండి, నాకు కమ్మలు చేపించేవాడే ల్యాకుంటే దీనికేంటికి." దానికి చుక్కి అని పేరు పెట్టింది.

తెల్లవారకముందే నాయన మందను లేపి గట్టు దాటించాడు. నెట్టికంటయ్య ఎద్దులు తెచ్చాడు. మంద లేచిన నేలను ఎండ తగలకముందే దున్నాలి. పెంట తడిగా ఉండగానే మట్టిలో కలిసిపోవాలి, ఎండ పడితే సత్తువ పోతుందని మా నమ్మకం. తూర్పున వెలుగు వస్తోంది. ఇంకా సగం చేను మిగిలే ఉంది. అక్క చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని ఎద్దుల ముందుకు పరుగెత్తింది.

"తొందరగా కానీ మామా, ఎండొస్తాంది! ఎండొస్తే అంతా వృథా అయిపోతాది!"

"వస్తాండాలే తల్లీ, ఎద్దులు నీ బస్సు కాదు," అన్నాడు నెట్టికంటయ్య.

ఆమె నవ్వుతూ తాడు పట్టుకుని ఎద్దులను లాగింది. పొద్దు పొడిచేసరికి చేనంతా మడకచాళ్లే. పైన ఒక్క పెంట ఉండ కనిపించలేదు. అక్క ముఖం ఆ పొద్దున ఎంత బాగుందో నాకిప్పటికీ గుర్తు. ఆ నెలంతా నాయన ఏటి పక్కన ఇంకా నాలుగు చేలల్లో మంద కట్టాడు. నెట్టికంటయ్య చేను కూడా అందులో ఉంది.

*

శ్రావణంలో అత్త చేలో బుడ్డల పైరు పసుపు తిరిగింది. కాలువ నీళ్లు రోజూ కడుతూనే ఉన్నాం. వాన తక్కువైందని అత్త అనుకుంది. నెట్టికంటయ్య చేలోనూ అంతే. మంద కట్టని చేలు మాత్రం పచ్చగా ఉన్నాయి. నేను రెండు మూడు రోజులు గట్ల మీద తిరిగి, ఏ చేను పసుపో ఏ చేను పచ్చో చూసి అక్కకు ఫోన్ చేశాను.

"మంద కట్టినాక ఎప్పుడు దున్నినారు?" అంది.

"నువ్వూ ఉంటివి కదక్కా," అన్నాను.

మరునాడే వచ్చింది. చేలో ఒక మొక్క పీకి కాలువలోకి తీసుకుపోయింది. వేరు మట్టి కడిగింది. మేము తెప్పించుకున్న నీళ్లు ఆమె వేళ్ల మధ్యనుంచి మెల్లగా పోతున్నాయి. ఒక బుడిపెను గోటిమీద పెట్టి నొక్కింది. బాగున్న బుడిపె లోపల ఎర్రగా ఉంటుంది. అది నల్లగా చితికింది. ఇంకొకటి నొక్కింది. అదీ నల్లగానే ఉంది. అలా ఎన్ని నొక్కిందో, గట్టు మీద కూర్చున్న అత్త లేచి వచ్చి, "సాలు ఇడిసిపెట్టమ్మా, గోరు పోతాది," అనేదాకా నొక్కుతూనే ఉంది.

"ఎండకు చస్తాది అని నేనే చెప్పినాను అత్తా. ఎండ పడకుండా కప్పెట్టించిందీ నేనే."

అత్తకు అర్థమైందో లేదో. "రాగి వేసుకుందాంలే," అంది.

రాగికీ జొన్నకూ వేరు బుడిపెలుండవు కాబట్టి వాటికేం కాదు. బుడ్డలు, కంది, అలసంద, చిక్కుడు మాత్రం ఆ చేలల్లో ఎన్నేళ్లకు పండుతాయో ఎవరూ చెప్పలేకపోయారు. మందను కట్టుదిట్టంగా కంచెలో ఉంచి, పరిశోధనశాలవాళ్లు రెండుసార్లు విరుగుడు తాపారు. గొర్రెల కడుపులోంచి ఆ క్రిమి పోలేదు. పాలు తాగే పిల్లలకు కూడా తల్లినుంచి అంటింది.

ఊరివాళ్లు మా వాకిట్లోకి వచ్చారు. అక్క ఆ రోజు ఇంట్లోనే ఉంది.

"ఏం కరియప్పా, భాగ్యమందు తాపితివి కదా, ఇంగ మాకూ తాపు. మేమూ ఎండిపోతాం," అన్నాడు నెట్టికంటయ్య. ఆ పేరు పెట్టింది అతనే. అప్పుడు అన్నట్టే అన్నాడు, కానీ ఎవరూ నవ్వలేదు.

"నా బిడ్డ ఊరికి నీళ్లు తెచ్చింది," అన్నాడు నాయన.

"తెచ్చింది. ఆ నీళ్లు దేనికి పెట్టాలో కూడా చెప్పమను."

అక్క గడపలోకి వచ్చి నిలబడింది. నెట్టికంటయ్య ఆమెను చూసి తల తిప్పుకున్నాడు. చిన్నప్పుడు ఆమెను భుజాన ఎక్కించుకుని ఏరు దాటించినవాడు. "నిన్ను కాదులే తల్లీ," అని గొణిగి వెళ్లిపోయాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదని అక్క ఆ తర్వాత నాతో అంది.

ఆ సాయంత్రం ఆమె నాయన ముందు కూర్చుంది.

"మంద ఉంటే ఇది ఇక్కడితో ఆగదు నాయనా. ఒక్క గొర్రె మిగిలినా సాలు, అది పోయిన ఊర్లన్నిట్లో బుడ్డలు పోతాయి. ఈ సీమంతా బతికేది దాని మీదే కదా."

"ఏటి అవతల దిబ్బల్లో పెట్టుకుంటా. ఊరి మొగం చూడను."

"గొర్రెకు గట్టు తెలుస్తాదా?"

నాయన తన అరచేతులను చూసుకున్నాడు. "మా నాయన మందమ్మా అది. ఆ నల్లగొర్రె వాళ్ల అవ్వ వాళ్ల అవ్వను మా అవ్వ పుట్టింటినుంచి తెచ్చింది."

"తెలుసు నాయనా."

"తెలిసే అడుగుతాండావు."

"తెలిసే అడుగుతాండా," అంది అక్క.

*

దసరా ముందర మందను పూడ్చడానికి ఏట్లో గొయ్యి తవ్వారు. నాయన తానే మందను తోలుకుపోయాడు. వేరేవాళ్లు తోలితే అవి బెదురుతాయన్నాడు. అక్క చెవిబిళ్లలు చూసుకుంటూ లెక్క రాయించింది, బిళ్లలు కొట్టాక పుట్టిన పిల్లలను లెక్క కోసం విడిగా పక్కకు పెట్టించింది. లెక్క అయ్యాక నాయనను అక్కడ ఉండనివ్వలేదు. మధ్యాహ్నానికి ఆయన కట్టె ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అలవాటుకొద్దీ ఆ చెప్పులు తిప్పి చూశాను. ముళ్లు లేవు.

కొంతసేపటికి అక్క వచ్చింది. పెరట్లో బండ మీద కాళ్లు కడుక్కుంటోంది. నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను. బండ పక్కనే అత్త వేసిన చిక్కుడు పందిరి. అక్క కడుగుతున్న చేతులు ఆగిపోయాయి. పాదు కింది ఆకులు పసుపు తిరిగి ఉన్నాయి. నీళ్లు చాలక పండిన ఆకు కాదది. ఈనెలు పచ్చగా ఉండి, మధ్యంతా పసుపు. అత్త చేలో చూసిన పసుపే. పాదు మొదట్లో ఎవరో కొన్నాళ్ల కిందటే గొర్రెపిల్ల పెంట వేసి, మట్టి కప్పారు.

ఆమె గడ్డికొట్టం వైపు చూసింది. తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. పట్టపగలు ఆ తలుపు మేమెప్పుడూ మూయం. అక్క నన్ను చూసింది. నేను నీళ్లు పోస్తూనే ఉన్నాను. చుక్కికి చెవిబిళ్ల లేదు. విడిగా పెట్టిన పిల్లల్లో అది లేదని చూసుకునేవాళ్లు ఏట్లో ఎవరూ లేరు, అక్క తప్ప.

అందరం అన్నానికి కూర్చున్నాం. జొన్నరొట్టె, కిందటేటి బుడ్డలతో నూరిన ఊరిబిండి పచ్చడి. అత్త ఎక్కడా ఆగకుండా మాట్లాడుతోంది. రాగికి ఎరువు ఎంత వేయాలో, పందిరి గుంజ ఎట్లా వంగిపోయిందో, ఏవేవో. అప్పుడు కొట్టంలోనుంచి సన్నగా అరుపు వినిపించింది. ఇంకొకసారి వినిపించింది. తోడు లేని గొర్రెపిల్ల అట్లాగే అరుస్తుంది.

"ఇంకో రొట్టె వేసుకో భాగ్యా," అంది అత్త గట్టిగా, అరుపు మీద మాట వేస్తూ.

అక్క చేతిలో రొట్టెముక్క అట్లే ఉంది.

"అది మందలోది కాదు," అంది అత్త. "దానికి మీ మందు ఎవరూ తాపల్యా. తొలిమంద పిల్ల. నాది. నా చేను పోయింది, పోనీ అన్నాను. నేను ఎవర్నన్నా ఒక మాట అన్నానా? అన్నానా కరియా?"

"లేదక్కా," అన్నాడు నాయన.

"మరి ఇది ఒక్కటీ నా దగ్గర పడుంటాది. గడప దాటనియ్యను."

ఏటి దగ్గర పరిశోధనశాలవాళ్ల బండి ఇంకా కదల్లేదు. పొద్దు వాలాక గొయ్యి పూడుస్తారు. కిటికీలోనుంచి అక్క ఆ వైపు చూసింది, తర్వాత పందిరి వైపు చూసింది. ఆమె కళ్లు నిండుగా ఉన్నాయి గానీ కారలేదు. నోరు తెరిచింది.

"అత్తా," అంది. "పందిట్లో చిక్కుడు..."

మళ్లీ అనడానికి ఊపిరి తీసుకుంది. నాయన ఆమె ముఖంలోకి చూశాడు. ఏట్లో ఆయన ముందు నిలబడి ఒక్కొక్క గొర్రెనూ లెక్కపెట్టించినప్పటి ముఖమే అది. ఆయన తినడం ఆపి, పళ్లెంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు.

అత్త కూడా లేవబోయి గోడ పట్టుకుంది.

నాయన గొళ్లెం తీశాడు. చుక్కి ఆయన కాళ్ల మధ్యకు పరుగెత్తుకొచ్చి నిలబడింది. దాన్నెత్తి మెడ మీద వేసుకుని, నాలుగు కాళ్లూ గుండెల దగ్గర ఒక్క చేత్తో పట్టుకున్నాడు. కుంటిపిల్లలను ఎప్పుడూ అట్లాగే మోసుకొచ్చేవాడు. అది ఆయన తలగుడ్డ కొస నోట్లోకి తీసుకుని నములుతోంది. అక్క లేచి నిలబడింది. ఆయన ఆమె పక్కనుంచే వచ్చాడు. చెప్పులు తొడుక్కుని, తల వంచి గడప దాటి, ఏటి దారి పట్టాడు.